నలభై రెండు కిలోల నారుమడి

తకినోహర, యమగాత
జనవరి 29

అత్తయ్యగారికి,

హిసానో నమస్కారాలు. పురిటి సాయానికని వెళ్ళిన మీరు టోక్యోలో కూతురింటికి క్షేమంగా చేరారని సుమియె వదిన కార్డు రాసింది. ఇక్కడ మంచు చూరు దాకా వచ్చేసింది. కిటికీకి అడ్డంగా కొట్టిన పలకల సందుల్లోంచి వచ్చే వెలుతురు నీలంగా ఉంటోంది. పగలంతా ఆ నీలంలోనే తిరుగుతున్నాను. టీ తాగుతుంటే నీళ్ళ అడుగున కూర్చుని తాగుతున్నట్టుంది. ఇంట్లో ఒక్కదాన్నే ఉండటం ఇదే మొదలు కదా, రెండు గిన్నెలు కడిగి ఒకటి మళ్ళీ అలమారలో పెడుతున్నాను.

అసలు సంగతికి వస్తాను. ఆకులు తొక్కి పులియబెట్టే వేడి నారుమడి ఈసారి నేనే వెయ్యాలి. ఈ ఇంటికొచ్చి ఆరేళ్ళయినా ఆ మడిలో నేను ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. కొండాకులు మోసుకొచ్చి పక్కన పొయ్యడం వరకే నా పని. లోపల తొక్కడం మీదీ, ఆయనదీ. తవుడు ఎంత, నీళ్ళు ఎన్ని, ఎంతసేపు తొక్కాలి, నాకేమీ తెలియదు. కాస్త వివరంగా రాయండి.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ మీరన్న మాట నాకు బాగా జ్ఞాపకం. "మార్చిలో పెద్దల పండుగ నాటికి వంగనారు లేస్తే ఇల్లు ఉంచుదాం. లేవకపోతే తలుపులు వేసేసి ఎవరి దారి వాళ్ళు చూసుకుందాం" అన్నారు. విత్తనాల సీసా తీసి చూశాను. పిడికెడైనా లేవు. ఆయన పోయిన కంగారులో నిరుడు విత్తనానికి మూడే కాయలు వదిలాం. ఈ బుల్లి గుండ్రటి వంకాయ మనింట్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఇవి పోతే ఇక లేనట్టే.

మా అన్నయ్య ఉత్తరం రాశాడు. అందరూ కులాసా.

హిసానో


టోక్యో, అడాచి పేట
ఫిబ్రవరి 3

హిసానో,

మంచు సంగతి నాకు రాయకు. యాభై ఎనిమిదేళ్ళుగా దాన్ని పారతో ఎత్తి పోస్తున్నదాన్ని. నీలమో, ఎరుపో, నాకు తెలుసు.

రాసింది రాసినట్టు చెయ్యి. సొంత తెలివి చూపించకు. కొట్టుగది దక్షిణపు గోడ పక్కన మంచు తవ్వి నేల తేల్చు. గడ్డితో నడుమెత్తు గోడలు కట్టు. లోపల మూరెడు ఎత్తున ఆకులు, పైన తరిగిన గడ్డి, దాని మీద తవుడు, కోళ్ళ పెంట, నీళ్ళు. ఆకుని పిడికిట్లో పిండితే వేళ్ళ సందున తడి కనిపించాలి గాని కారకూడదు. అప్పుడు తొక్కు. మళ్ళీ ఆకులు, మళ్ళీ తొక్కు. నాలుగు వరసలు. మడమతో తొక్కాలి. నువ్వు మునివేళ్ళ మీద నడిచే రకం. అది తొక్కడం కాదు, దొంగతనానికి వెళ్ళడం.

మూడో రోజుకి ఉడుకుతుంది. అప్పుడు సంబరపడిపోయి విత్తేవు! ముందు మండాలి, తర్వాత దిగాలి, దిగి ఒకచోట నిలబడాలి. వెదురుపుల్ల లోపలికంటా గుచ్చి, వంద లెక్కపెట్టి, లాగి బుగ్గకి ఆనించు. చురుక్కుమంటే ఇంకా ఆగు. ఇద్దరు స్నానం చేసి లేచాక తొట్టిలో మిగిలిన నీళ్ళ వేడి ఉండాలి, అది మూడు రోజులు అలాగే ఉండాలి. అప్పుడు పైన మట్టి పోసి విత్తు. నూనెకాగితం చట్రాలు మూసి, పొద్దు వాలగానే గడ్డి చాపలు కప్పు.

విత్తనాలు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, నడికట్టు లోపల పొట్టకి ఆనించుకో. వారం రోజులు తియ్యకు. నువ్వు పడుకుంటే అటూ ఇటూ దొర్లుతావు, గోడ ఇవతలికి వినిపిస్తుంది నాకు. వెల్లకిలా పడుకో.

ఒక్కటే నా బెంగ. మడికి కావలసింది బరువు. మీ మామగారు డెబ్బై కిలోలు, నేను యాభై, నా కొడుకు యొషిజో ఎనభై. నువ్వు తడిసి ముద్దయినా నలభై రెండు. అందుకని అందరికన్నా రెండింతలు సేపు తొక్కు.

ఇక్కడ మంచు లేదు. దుమ్ము. పై వాటాలో వాళ్ళు రోజంతా కుర్చీలు ఈడుస్తుంటారు. సుమియె పుల్లటి ఊరగాయ తింటూ కూచుంటుంది. పొట్ట ఇంకా కనిపించనైనా లేదు, అప్పుడే నడుం నొప్పట.

తొమె


తకినోహర
ఫిబ్రవరి 14

అత్తయ్యా,

ఉడికింది! మీరు రాసినట్టే మూడో రోజు పొద్దున చట్రం ఎత్తానో లేదో మొహమంతా ఆవిరి. కొండంత మంచు మధ్యలో చాపంత చోట నేల ఊపిరి పీలుస్తోంది. కోళ్ళు వచ్చి గడ్డి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాయి. నేనూ వాటి పక్కనే చతికిలబడ్డాను. ఆవిరిలో కొండాకుల వాసన, తవుడు పులిసిన వాసన. మంచు పడుతూనే ఉంది గాని మడి మీదికొచ్చేసరికి కరిగిపోతోంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లోపల ఎవరో ఆకులు తొక్కుతున్న చప్పుడు వినిపించింది. ఒట్టు, బరువైన అడుగులు. కళ్ళు తెరిస్తే ఏమీ లేదు, చూరు మీంచి మంచుపెళ్ళ జారిన చప్పుడు.

విత్తనాల్లో సగం తీసి ఎనిమిది రోజులు పొట్టకి కట్టుకున్నాను. వెల్లకిలానే పడుకున్నాను. చిన్న మూటే గాని ఎంత బరువో! కలలో అవి మాట్లాడుకుంటున్నాయి, ఏమంటున్నాయో అర్థం కాలేదు. గుడ్డ విప్పి చూస్తే కొన్నిటికి తెల్లటి ముక్కు వచ్చింది. పుల్ల వేడి నాలుగో రోజు కాస్త దిగింది. ఇక ఆగలేక ఐదో రోజు ఆ సగమూ విత్తేశాను. మిగతా సగం సీసాలోనే ఉన్నాయి.

ఫిబ్రవరి 16. ఉత్తరం పోస్టు చెయ్యలేదు. నిన్న పుల్ల గోరువెచ్చగా వచ్చింది. ఇవాళ బుగ్గకి ఆనిస్తే చల్లగా ఉంది. చెయ్యి మోచేతి దాకా దూర్చి చూశాను అత్తయ్యా. బురద. విత్తనాలు మెత్తబడి నల్లగా అయిపోయాయి. తిడితే తిట్టండి.

హిసానో


టోక్యో
ఫిబ్రవరి 19

హిసానో,

భగ్గున మండి చప్పున చల్లారిందంటే ఆకుల మధ్య గాలి మిగిలిపోయిందన్నమాట. మడి అణగలేదు. మూడు రోజులు నిలబడాలని అక్షరాలా రాశాను. కళ్ళు ఎక్కడ పెట్టుకుని చదివావు? సగం విత్తనం బురదపాలు చేశావు.

నీ తప్పు కాదులే. నలభై రెండు కిలోలతో అంతకన్నా ఏమవుతుంది? నువ్వు పగలూ రాత్రీ తొక్కినా అంతే. ఆలోచించి చూస్తే, మిగతా సగం నీ పెట్టెలో పెట్టుకుని మీ అన్నయ్య ఇంటికి వెళ్ళిపోవడమే మంచిదేమో. నీకింకా ముప్పై నిండలేదు. ఆ ఇంట్లో ఇంక ఏముందని?

నేనింకేమీ అనను.

తొమె


తకినోహర
మార్చి 4

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం అందిన రోజునే పాత మడి తవ్వి పోశాను. కొత్త ఆకులు, కొత్త తవుడు వేసి మళ్ళీ తొక్కడం జరిగింది.

ఈసారి కంగారు పడలేదు. మొదటి రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు చిన్నగా మొదలైంది. నాలుగో రోజు పుల్ల చురుక్కుమంది. ఐదో రోజు నుంచి దిగింది, దిగి నిలబడింది. ఇవాళ్టికి పదో రోజు. నిన్నా అదే వేడి, మొన్నా అదే వేడి, ఇద్దరు స్నానం చేసిన నీళ్ళు. చుట్టూ గుర్రం పెంట పేర్చడం వల్ల కూడా నిదానంగా కాగుతోందేమో. మూడు రోజులు ఆగి, మిగతా విత్తనాలు మార్చి 2న విత్తాను. ఒక్కటి కూడా సీసాలో మిగల్చలేదు.

పొద్దున చాపలు తీస్తే నూనెకాగితం మీద ఎండ పడి లోపలంతా పచ్చగా, తేనె పోసినట్టు ఉంటుంది. కాగితానికి చెవి ఆనించి వింటాను. లోపల నీటిబొట్లు రాలుతుంటాయి, టప్, టప్. అది వింటూ ఉంటే వంట సంగతి కూడా మరిచిపోతున్నాను. ఊరంతా మంచు కింద నిద్రపోతోంది, నేనూ ఈ మడీ మాత్రం మెలకువగా ఉన్నాం అనిపిస్తుంది. లేక మేమిద్దరమే కలలో ఉన్నామో.

అన్నయ్య ఇంటికి వెళ్ళడం గురించి మీరు రాసింది చదివాను. మడి వదిలి ఎక్కడికీ రాలేను.

హిసానో


టోక్యో
మార్చి 8

హిసానో,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషించాను. రెండోసారి వేళ్ళు మడిచి లెక్క పెట్టాను. మూడోసారి ఒళ్ళు మండింది.

పది రోజులా? అడుగున రాయిలా అణగకపోతే పది రోజులు వేడి నిలవదు. నలభై ఏళ్ళు ఆ మడి తొక్కినదాన్ని, నాకు చెబుతావా? పుల్ల నీ బుగ్గకి ఆనించావు గాని ఆ వేడి నాకిక్కడ తగులుతోంది. అది నీ బరువు కాదు. పైగా "తొక్కడం జరిగింది" అట! దానంతటదే జరిగిందా? ఎవరు తొక్కారో రాయకుండా తప్పించుకోవడానికి బాగానే రాశావు. మనింట్లో గుర్రం లేదు. మీ మామగారి కాలంలో కూడా లేదు. మరి పెంట ఎక్కడిది, ఆకాశంలోంచి పడిందా?

డెబ్బై అయిదు కిలోలకి తక్కువ లేని మనిషి, మగవాడు, గుర్రం ఉన్నవాడు. నా కొడుకు తొక్కిన చోట కాలు పెట్టాడు. ఎవడు వాడు?

తొమె


తకినోహర
మార్చి 11

అత్తయ్యా,

దాచినందుకు క్షమించండి. మొత్తం రాస్తాను.

మొదట్లో మా అన్నయ్య కులాసాగా ఉన్నాడని రాశాను కదా. అతను రాసింది అది కాదు. పట్నంలో చాపల కొట్టు ఆయనెవరితోనో నాకు సంబంధం చూశానని, ఫిబ్రవరి నెలాఖరులోగా బండి పంపుతానని రాశాడు. ఫిబ్రవరి 22న మీ ఉత్తరమూ ఆ బండీ ఒకేసారి వచ్చాయి. మంచు మీద నడిచే గుర్రబ్బండి. తోలుకొచ్చిన మనిషి పేరు కుమజో. బొగ్గుల బట్టీ వాళ్ళ మూడో కొడుకు. నేను పాత మడిలో మోకాళ్ళ దాకా దిగబడి, బురద ఎత్తి పోస్తూ ఏడుస్తున్నాను.

"మీ అన్నగారు పంపారండి. మిమ్మల్నీ, మీ పెట్టెనీ తీసుకు రమ్మన్నారు" అన్నాడు.

"పని మధ్యలో ఉన్నాను, కనిపించడం లేదా? కూర్చోండి."

"ఎంతసేపండీ?"

"ఇది వేడెక్కేదాకా."

"ఎప్పటికి వేడెక్కుతుందండీ?"

"మీ బరువెంతో దాన్నిబట్టి" అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

అతను కాసేపు ఆలోచించి "డెబ్బై ఎనిమిదండి" అన్నాడు. బూట్లు విప్పి, కాళ్ళు మంచుతో తోముకుని లోపలికి దిగాడు. నేను ఆకులు పోస్తున్నాను, నీళ్ళు చల్లుతున్నాను, అతను తొక్కుతున్నాడు. చెప్పకుండానే మడమతో తొక్కాడు. ఎంత తోమినా బొగ్గు వదల్లేదేమో, ఆకుల మీద నల్లటి అడుగులు పడ్డాయి. "మడి మసి చేశాడు బొగ్గులవాడు అంటారేమో" అని అతనంటే నవ్వొచ్చేసింది. పది నెలల తర్వాత నవ్వాను అత్తయ్యా. నవ్వాక సిగ్గుతో లోపలికి పారిపోయి, పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి నాలుగో వరస కూడా అయిపోయింది.

సాయంత్రం ఖాళీ బండితో వెళ్ళిపోయాడు. "మీ అన్నగారికి ఏం చెప్పనండీ?" అన్నాడు. "మడి వదిలి రానంది అని చెప్పండి" అన్నాను. రెండు రోజుల తర్వాత గుర్రం పెంట వేసుకుని మళ్ళీ వచ్చాడు. గోడల చుట్టూ పేర్చితే వేడి బయటికి పోదట. ఆ తర్వాత మరో రెండుసార్లు వచ్చాడు. చాపలు కప్పి, మిసో పులుసు తాగి వెళ్ళాడు. అంతే. అంతకన్నా ఏమీ జరగలేదు. కాని అతను వచ్చే రోజు గుర్రం మెడలో గంటల చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చుంటున్నాను. ఇది కూడా దాస్తే మళ్ళీ మీరే కనిపెడతారు.

ఇవాళ పొద్దున నారు లేచింది. వంగిన మెడలు, ఇంకా గింజపొట్టు నెత్తిన పెట్టుకుని. నూట ఇరవై దాకా లెక్కపెట్టి కళ్ళు తుడుచుకున్నాను. మీరు వెళ్ళమంటే వెళతాను. కాని ఇవి నాలుగాకులయ్యేదాకా వెళ్ళను.

నాకూ ఒక ప్రశ్న ఉంది. సుమియె వదిన కాన్పు జూలై చివర్లో అని తనే రాసింది. మరి మీరు జనవరిలోనే ఎందుకు వెళ్ళిపోయారు?

హిసానో


టోక్యో
మార్చి 15

హిసానో,

అడిగావు కాబట్టి చెబుతాను. కాన్పు కోసం రాలేదు. పారిపోయి వచ్చాను.

జనవరిలో ఒకరోజు నువ్వు కొండాకుల గంప వీపున వేసుకుని వాకిట్లోకి వచ్చావు. ఎప్పట్లానే మడి వేసే చోటి పక్కన పోశావు. ఎప్పట్లానే యొషిజో చేతులు రుద్దుకుంటూ కొట్టుగదిలోంచి వస్తాడని తలెత్తి చూశాను. రాలేదు. చితి మీద పెట్టినప్పుడు కూడా నాకంత తెలియలేదే. మర్నాడే పెట్టె సర్దుకున్నాను. నిన్ను పరీక్షిస్తున్నానని ఊళ్ళో వాళ్ళనుకుని ఉంటారు, నువ్వూ అనుకుని ఉంటావు. పరీక్షా పాడా? వాడు లేని మడిని చూడలేక నిన్ను ఒక్కదాన్నీ దాని ముందు వదిలేసి వచ్చాను. దానికి తోడు నలభై రెండు కిలోలని దెప్పిపొడిచాను.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ బొగ్గులవాడి మీద కోపం. నల్లటి అడుగులు కళ్ళ ముందు కనిపించాయి. యొషిజో చోట ఇంకెవరూ అడుగు పెట్టకూడదని గట్టిగా అనుకున్నాను. మూడో రోజు ఇక్కడి మేడ మెట్ల మీద కూచుంటే, దుమ్ము గాలిలో ఎక్కడి నుంచో తవుడు పులిసిన వాసన వచ్చింది. ఇక్కడ తవుడెక్కడిది? ఆ వాసనలో నీ నూట ఇరవై మొక్కలూ కనిపించాయి, మెడలు వంచుకుని. అవి ఎవరి కాళ్ళ కింద వేడెక్కాయో వాటికి పట్టలేదు. నేను మాత్రం ఎందుకు పట్టుకుని కూచున్నాను? అక్కడే కూచుని బావురుమన్నాను. సుమియె కంగారుపడి డాక్టర్ని పిలవబోయింది.

సరే, పనికొచ్చే మాటలు మాట్లాడుకుందాం. డెబ్బై ఎనిమిదన్నావు, యొషిజో కన్నా రెండు కిలోలు తక్కువ. తిండి పెడితే వస్తాయిలే. తాగుతాడా? గుర్రాన్ని కొడతాడా? పులుసు తాగి గిన్నె తనే కడుగుతాడా, అక్కడే వదిలేస్తాడా? మూడో కొడుకంటే వాళ్ళింట్లో భూమి వాటా రాదు కదా. అయితే వినుకో. నువ్వు ఎవరింటికీ వెళ్ళవద్దు. ముందు నిన్ను నా కూతురుగా ఊరి ఆఫీసులో రాయిస్తాను. ఆ తర్వాత అతనికిష్టమైతే, నీకిష్టమైతే, మనింటికే అల్లుడుగా వస్తాడు. ఇష్టం లేకపోతే లేదు, నువ్వూ నేనూ ఉందాం. ఆ చాపల కొట్టు ఆయన సంగతి మీ అన్నయ్యకి నేను రాస్తాను. ఎలా రాయాలో నాకు తెలుసు.

నారు రెండో మడికి మార్చాలంటే ఇంకో పది రోజుల్లో మళ్ళీ తొక్కాలి. రమ్మంటే వస్తాను. కూతురుగా ఉండటం నీకిష్టం లేకపోతే అదీ మొహమాటం లేకుండా రాయి.

తొమె


ఫుకుషిమా స్టేషన్ (కార్డు)
మార్చి 18

హిసానో,

నీ టెలిగ్రాం అందింది. "అమ్మా రండి" అని రెండే మాటలు. అంత పొదుపు ఎప్పుడు నేర్చావు? పెట్టెలో పెట్టుకుందామనుకున్నాను గాని చేతిలోనే ఉంచుకున్నాను. సుమియె రైలెక్కిస్తూ, "అక్కడ ఇంకా మంచేగా, ఎందుకమ్మా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఇక్కడ రైలు మారాలి, గంటన్నర ఉంది. కిటికీ అవతల అప్పుడే మంచు తెల్లగా మొదలైంది. చూస్తూ చూస్తూ రెండుసార్లు కునుకు పట్టింది. రెండుసార్లూ మన వాకిట్లోనే లేచాను.

ఈ కార్డు ఇవాళ్టి టపాలోనే నాకన్నా ముందు నీకు చేరుతుంది; నేను రాత్రికి దారిలో సత్రంలో ఆగి, రేపు మధ్యాహ్నం మూడింటి బండికి దిగుతాను. నువ్వు స్టేషన్‌కి రావద్దు. చాపలు కప్పే వేళవుతుంది, మడి దగ్గరే ఉండు. కుమజోని పంపు. బండి వద్దని చెప్పు. నడిచి రమ్మను. అతను ముందు నడవాలి, నేను వెనక నడుస్తాను.

యొషిజో ఉన్నప్పుడు అలాగే వచ్చేవాళ్ళం. వాడు మంచులో అడుగు వేస్తే, ఆ గుంటలో నా అడుగు పెట్టుకుంటూ ఇంటిదాకా వచ్చేదాన్ని, కాలు తడవకుండా. ఈ చలికాలం మొదటి మంచు పడిన రోజు గుమ్మం దిగి చూస్తే ఎదురుగా అంతా తెల్లగా ఉంది, ఒక్క అడుగు లేదు. నాకు భయమేసింది.

అతనికి చెప్పు, మరీ పెద్ద అంగలు వెయ్యొద్దని. నావి చిన్న కాళ్ళు.

అమ్మ